కూడిక సరిపోయింది

ఒర్ఫా ఇన్‌స్లీ నోటుపుస్తకంలో
నలభై నాలుగు అంగుళాలు.
వాళ్ల నాన్న రాసిన రోజుల్లోనూ నలభై నాలుగే,
అటో ఇటో ఒక వేలెడు.

పొద్దున ఏడింటికి, నైట్‌గౌను మీద రెయిన్‌కోటు తగిలించుకుని
కంచె పక్కన గాజుగొట్టాన్ని కంటి ఎత్తుకు లేపి చదువుతుంది.
యాభై రెండేళ్లుగా.
పెళ్లినాడు చదివింది.
మొగుణ్ణి మట్టిలో పెట్టిన నాడూ చదివింది,
ఆ రోజు అంగుళంలో నూరోవంతులు మూడు,
వాన అనడానికి లేదు.

డిసెంబరు ఆఖర్న గీత గీసి కూడితే
అంకె మారలేదు.
మారిందంతా గీతకి పైన.
నాన్న పేజీల్లో వాన చీమలబారులా నడిచేది:
పావు, అర, పావు, సున్న, పావు.
ఆమె పేజీల్లో
సున్న సున్న సున్న సున్న
సున్న
ఉన్నట్టుండి ఆరు.

"నెల కూలీ అంతా ఒక్క రాత్రి చేతిలో పోస్తే
ఇల్లు చేరేదెంత?" అంటుంది.

ఇంకదు నేల. గుటక వేసే వ్యవధి ఇవ్వలేదు దానికి.
ఎగువన వంద మైళ్ల మొక్కజొన్న చేల పైమట్టి,
కోళ్లఫారాల వెనక పోగేసిన పెంట,
డాలర్ స్టోరు పార్కింగులో కారిన ఇంజనాయిలు,
ఎవరిదో ఒక పసుపురంగు పిల్లల చెప్పు,
అన్నీ కలిసి ఒకే చీకటిరంగులో
చీసపీక్ వైపు బయల్దేరతాయి.

దారిలో డొమినీ రోడ్డు.
నీరు పల్లమెరుగు.
ఆ పల్లంలో స్థలాలు ఎవరికి మాత్రమే అమ్మారో
కౌంటీ ఆఫీసు ఎరుగు.
లావీనియా కోర్నిష్ ఫ్రీజర్ని ఇటుకల మీదికి ఎక్కించింది,
తర్వాత ఇంకో వరస ఇటుకల మీదికి.
ఆమె గుమ్మం ముందు రోడ్డు కింది తూము
పద్దెనిమిది అంగుళాలు.
అరవై ఒకటిలో ఇంజనీరు
ఒర్ఫా వాళ్ల నాన్న పుస్తకం చూసే ఆ కొలత వేశాడు.
ఎప్పటి వానకో కుట్టిన చొక్కా అది.
ఇప్పటి వానకి భుజం దగ్గరే పిగిలిపోతుంది.

డెల్మర్‌కి పుస్తకం లేదు. నాలుక ఉంది.
పడవ అంచు నుంచి వేలు ముంచి చప్పరించి
"రెండు వారాలుగా తియ్యగా ఉంది" అన్నాడు,
వార్డులోంచి బయటికొచ్చిన డాక్టరు గొంతుతో.
ఉప్పు తగ్గితే ఆల్చిప్పలు నోరు మూసుకుంటాయి.
చలికాలమైతే నెల రోజులైనా ఓర్చుకునేవి.
జులై నీళ్లలో ఊపిరి బిగపట్టడం
ఎన్నాళ్లని?
బల్ల మీద కుమ్మరించి ఏరుతుంటే
పదింటికి ఏడు పెట్టెలే.
రెండు చిప్పలూ అతుక్కునే ఉండి
లోపల ఎవరూ లేనివాటిని
వీళ్లు పెట్టెలంటారు.

స్వాతి కార్తెలో చినుకు చిప్పలో పడితే
ముత్యమవుతుందని నా భాష నమ్మకం.
చేతొడుగుల్లోంచి బురద కారుతుండగా
ఆ మాట నోటిదాకా వచ్చింది.
డెల్మర్‌కి చెప్పలేదు.

ఆగస్టులో పెంట ఎరువంతా పాచిగా లేచింది.
పాచి చచ్చి, నీటిలో గాలి అయిపోయి,
ఒక తెల్లవారుజామున పీతలు గుంపులుగా ఒడ్డెక్కి
గడ్డి మొదళ్లు పట్టుకుని నిలబడ్డాయి.
పిల్లలు బకెట్లతో పరుగెత్తారు.
పెద్దవాళ్లు ఎవరూ పరుగెత్తలేదు.

సోమవారం కౌంటీ మీటింగు.
నాన్న పుస్తకం, తన పుస్తకం
బ్రెడ్డు కవర్లో చుట్టుకుని వెళ్లింది ఒర్ఫా.
కారు లావీనియా నడిపింది.
మనిషికి మూడు నిమిషాలు, తర్వాత గంట.
ఆమె తూము అనలేదు, ఆల్చిప్ప అనలేదు.
కళ్లజోడు సర్దుకుని
నాన్న పేజీ ఒకటి తీరిగ్గా చదివింది:
పావు. అర. పావు. సున్న. పావు.
కుర్చీల్లో ఎవరో ఆవులించారు.
తర్వాత తన పేజీ.
సున్న. సున్న. సున్న. సున్న.
సున్న.

ఆరు దగ్గర
గంట కొట్టారు.